డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్

హైదరాబాదులో తార్నాక కూడలి నుండి ఉప్పల్ వైపు సాగే మార్గంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువలో, విశాలమైన పరిశోధనాలయం ఒకటి కనిపిస్తుంది. అదే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. ఆ సంస్థకు తొలినాళ్లలో రూపురేఖలు దిద్దిన మహనీయుడు డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్.

జహీర్ 1901లో జన్మించారు. తండ్రి సర్ వజీర్ హసన్ అవధ్‌లో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. సోదరుడు సజ్జాద్ జహీర్ అభ్యుదయ రచయితల ఉద్యమానికి ఆద్యులలో ఒకరు. న్యాయశాస్త్రం, సాహిత్యం వర్ధిల్లిన ఆ ఇంట హుసేన్ జహీర్ రసాయనశాస్త్రాన్ని వరించారు. ఆక్స్‌ఫర్డ్, హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయాలలో విద్యనభ్యసించి, స్వదేశానికి వచ్చి లక్నో విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు.

హైదరాబాదు సంస్థాన ప్రభుత్వం 1944లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనల కోసం కేంద్ర ప్రయోగశాలలను నెలకొల్పింది. 1948లో జహీర్ వాటికి సంచాలకులుగా వచ్చారు. 1954లో ప్రధాని నెహ్రూ నూతన భవనాన్ని ప్రారంభించారు. 1956లో అది శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి ఆధ్వర్యంలో ప్రాంతీయ పరిశోధనాలయంగా రూపొందింది.

నాడు ఆ పరిశోధనాలయం ముందు నిలిచిన సమస్యలలో ముఖ్యమైనది బొగ్గు. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గులో బూడిద అధికం. ఇనుప కొలిమికి కావలసిన గట్టి కోక్ దాని నుండి రాదు. పచ్చిబొగ్గును పొయ్యిలో కాలిస్తే పొగ కమ్ముతుంది. వంటచెరకు కోసం అడవులు నరకడం, ఎరువు కావలసిన పేడను పిడకలుగా కాల్చడం ఆగాలంటే పొగరాని ఇంధనం చౌకగా లభించాలి.

అందుకు మార్గం అల్పోష్ణ కర్బనీకరణం. గాలి చొరబడని పాత్రలో బొగ్గును సుమారు 500 నుండి 700 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే వాయువు, తారు వెలువడి, పొగరాని ఇంధనం మిగులుతుంది. తారు నుండి విలువైన రసాయనాలు లభిస్తాయి. యంత్రశాలలలో దీనికి విపర్యయమైన ప్రక్రియ ఒకటి ఉన్నది. మెత్తని ఉక్కుతో చేసిన పళ్లచక్రాన్ని మూసిన కొలిమిలో, కర్బనం గల వాయువు నడుమ, 900 డిగ్రీలకు పైగా కాచి చల్లార్చితే పైపొర కఠినమవుతుంది. లోపలి భాగం విరగక నిలుస్తుంది. బొగ్గు నుండి వాయువు వెలికి వస్తుంది. ఉక్కులోకి వాయువు కర్బనాన్ని చేరుస్తుంది. రెండింటా గాలిని దూరంగా ఉంచి, వేడిని అదుపులో పెట్టడమే కీలకం.

గాజుపాత్రలో ఫలించిన ప్రయోగం కర్మాగారంలోనూ ఫలిస్తుందన్న హామీ లేదు. ఆ అంతరాన్ని దాటడానికి పరిశోధనాలయ ప్రాంగణంలోనే ప్రయోగాత్మక కర్మాగారం వెలసింది. కొలిమి వేడిని, బొగ్గు స్వభావాన్ని, వచ్చే ఫలితాన్ని అక్కడ పెద్ద ఎత్తున పరీక్షించగలిగారు. దేశంలో దొరికే ముడిసరుకు ఎంత నాసిదైనా దానిని తృణీకరించక, తగిన విధానాన్ని కనుగొనడమే శాస్త్రజ్ఞుని ధర్మమని జహీర్ కృషి చాటింది.

జహీర్ 1962 నుండి 1966 వరకు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలికి మహాసంచాలకులుగా సేవలందించారు. 1975లో పరమపదించారు. ఆయన కాలంలో వేళ్లూనిన జీవరసాయన విభాగం నుండి 1977లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఆవిర్భవించింది. 1989లో ప్రాంతీయ పరిశోధనాలయం నేటి పేరును ధరించింది. పేర్లు మారినా, సొంత నేలలోని సంపదను సొంత విజ్ఞానంతో వినియోగించుకోవాలన్న ఆయన ఆశయం నేటి విద్యార్థులకూ ఆచరణీయమే.