తెరమీద వీరనారి, తెరవెనుక ఐరీన్

మన ఇళ్లల్లో ఆడపిల్లకి బాబ్డ్ హెయిర్ చేయిస్తే అమ్మమ్మలు నొచ్చుకోవడం మామూలే. ఆ కత్తిరింపుని అమెరికాలో ఫ్యాషన్ చేసినవాళ్లలో ఐరీన్ కాజిల్ ఒకరు. ఆమె కథ చదివాక నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం ఆమె జుట్టు కాదు, ఆమె నటించిన ఒక గూఢచారి సినిమా.

ఐరీన్ 1893లో న్యూయార్క్ రాష్ట్రంలో ఓ డాక్టరుగారింట పుట్టింది. 1911లో ఇంగ్లండు నటుడు వెర్నన్‌ని పెళ్లాడింది. మరుసటి ఏడాది పారిస్‌లో ఇద్దరూ జంటగా నాట్యం చేసి పేరు తెచ్చుకున్నారు. 1914లో ఆపరేషన్‌కి ముందు ఆమె జుట్టు కత్తిరించుకుంటే, చూసినవాళ్లంతా అదే దారి పట్టారు.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం. వెర్నన్ బ్రిటిష్ సైన్యంలో చేరి ఫ్రాన్స్ మీద విమానాలు నడిపాడు. అదే సమయంలో ఐరీన్ ‘పేట్రియా’ అనే 15 భాగాల మూకీ సీరియల్‌లో నటించింది. పత్రికాధిపతి హర్స్ట్ కంపెనీ డబ్బు పెట్టింది. ఆయుధ కర్మాగారాల వారసురాలు జపాన్, మెక్సికో గూఢచారుల నుంచి దేశాన్ని కాపాడటం కథ. జపాన్ దుర్మార్గుడి వేషం వేసింది స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్!

1917లో సినిమా విడుదలైంది. అప్పటికి జపాన్ మిత్రపక్షంలోనే ఉంది. ఇది జపాన్ మీద ద్వేషం రేపుతుందని అధ్యక్షుడు విల్సన్ స్వయంగా అభ్యంతరం చెప్పాడు. దాంతో జపాన్ గుర్తులు మార్చారు. మెక్సికో వాళ్లని మాత్రం అలాగే వదిలేశారు. ఎవరితో స్నేహం అవసరమో వాళ్ల పరువే కాపాడారన్నమాట! అందమైన ముఖాన్ని ముందు నిలబెట్టి ద్వేషం అమ్మితే ఎంత తేలిగ్గా అమ్ముడుపోతుందో చూడండి.

తెరమీద యుద్ధంలో ఐరీన్ గెలిచింది. అసలు యుద్ధం ఆమెని వదల్లేదు. 1918 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కుర్రాళ్లకి విమానం నేర్పుతూ, మరో విమానాన్ని తప్పించబోయి వెర్నన్ కూలిపోయాడు. అప్పటికి ఆమెకి పాతికేళ్లు కూడా నిండలేదు, పాపం.

తర్వాత ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది, బతుకు సాగించింది. 1928లో ఇల్లినాయ్‌లో దిక్కులేని మూగజీవాలకి ఆశ్రయం కట్టించింది. 1969లో కన్నుమూసింది.

‘పేట్రియా’ ఇప్పుడు పూర్తిగా దొరకదు, కొన్ని భాగాలే మిగిలాయి. ఆ ఆశ్రయం మాత్రం ఇంకా నడుస్తోంది. ద్వేషం నింపిన రీళ్లు చెదిరిపోయి, దయతో కట్టిన ఇల్లు నిలబడటం నాకెందుకో న్యాయంగానే అనిపించింది.