నేట్ సెయింట్ గారును వారి ఇంటివారును

మొదటి సమూయేలు గ్రంథము 30వ అధ్యాయము చదివినవారికి బెసోరు వాగు జ్ఞాపకముండును. దావీదు వెంట వచ్చిన ఆరువందల మందిలో రెండువందల మంది అలసిపోయి, వాగు దాటలేక, సామాను కాచుచు ఇవతలనే నిలిచిపోయిరి. గెలిచి వచ్చినవారిలో కొందరు వీరికి భాగమెందుకని గొణిగిరి. దావీదు ఒప్పుకొనలేదు. పోరాడినవానికెంతో సామాను కాచినవానికిని అంతే యని తీర్పు చేసెను.

ఈ భాగము చదువునప్పుడెల్ల మాకు దక్షిణ అమెరికాలోని ఈక్వెడారు దేశమందు, అడవి అంచున ఉండిన ఒక కర్రల ఇల్లు మనసునకు వచ్చును. మేము ఆ ఇల్లు చూచినవారము కాము. దానిగూర్చి చదివినవారము మాత్రమే.

ఆ ఇంటి యజమాని విమానము నడిపిన మిషనెరీ, నేట్ సెయింట్ గారు. ఆయన 1923లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు జన్మించెను. తండ్రి దేవాలయముల కిటికీలకు రంగు అద్దములతో బొమ్మలు కూర్చు చిత్రకారుడు. అన్న విమానములు నడుపువాడు. చిన్నతనమున అన్నతో విమానమెక్కినది మొదలు ఈ పిల్లవానికి వేరు ధ్యాస లేకపోయెను. అయితే బాల్యమందు ఆయన కాలి యెముకకు చీముపట్టు రోగము వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధమప్పుడు సైన్యములో చేరి, విమానము నడుపుట నేర్చుకొనబోవు సమయమున అదే రోగము తిరుగబెట్టెను. నడుపు పని తప్పిపోయి, ఇంజనులు బాగుచేయు పని మిగిలెను. ఆ పనియే తరువాత అడవిలో ఆయనకు అక్కరకు వచ్చెను.

1948 ఫిబ్రవరిలో ఆయన మార్జరీ ఫారిస్ అను నర్సును వివాహమాడెను. ఆ యేడే మిషనెరీ ఏవియేషన్ ఫెలోషిప్ తరపున వారిద్దరు ఈక్వెడారు చేరి, షెల్ మేరా అనుచోట కాపురము పెట్టిరి. అది ఆండీస్ పర్వతముల అడుగున, నూనె కంపెనీవారు విడిచిపోయిన స్థలము. విమానము దిగుటకు బాట యుండెను. దానికి తూర్పున అంతయు అమెజాను అడవి. ఆ యడవిలో అక్కడక్కడ మిషనెరీ కుటుంబములు పిల్లలతో నివసించుచుండెను. కాలినడకను పోవలెనన్న బురదలో దినములు పట్టు దూరము విమానము నిమిషములలో దాటును. మన పల్లెలకు వెనుకటి దొరగార్లు ఎడ్లబండ్లమీద డేరాలతో వచ్చిరని పెద్దలు చెప్పుదురు గదా. అక్కడ బండికైనను దారి లేదు.

చేరిన కొద్ది నెలలకే, 1948 డిసెంబరు చివర, కీటో పట్టణమందు గాలి క్రిందికి త్రోసివేయగా ఆయన విమానము కూలెను. నడుము విరిగి ఆయన ప్లాస్టరు కట్టులో పడియుండెను. మార్జరీ గారు అప్పుడు నిండు చూలాలు. కొన్ని దినములకే మొదటి కుమార్తె పుట్టెను. ఇంత జరిగినను వారు తిరిగి ఇంటికి పోవుదమనుకొనలేదు. తరువాత ఇద్దరు కుమారులు కలిగిరి.

ఇక మార్జరీ గారి పనిగూర్చి చెప్పవలెను. భర్త ఎగిరినప్పుడెల్ల ఆమె ఇంటిలోనున్న రేడియో యొద్ద కూర్చుండెను. ఆయన ఎక్కడ ఉన్నాడో మాటిమాటికి విని వ్రాసికొనెను. ఏ స్థలమున వాన పడుచున్నది, ఎవరికి జ్వరము, ఎవరికి మేకులు కావలెను, ఎవరి యింట ఉప్పు నిండుకొన్నది, ఇవన్నియు ఆమె చెవిని పడవలసినదే. చిన్న విమానము గనుక ప్రతి మూటయు తూచవలెను. దారిన వచ్చిపోవువారికి ఆ యిల్లే సత్రము. వారికి వండిపెట్టి పడకలు వేయవలెను. వీటన్నిటి నడుమ ముగ్గురు బిడ్డలు. విమానము నడిపినవాని పేరు లోకమంతట వినబడెను గాని, క్రింద ఈ చేయి లేనియెడల అది ఒక వారమైనను ఎగురగలిగియుండెనా యని మా సందేహము.

నేట్ గారు యుక్తిగలవాడు. పెట్రోలు సరఫరా ఆగి ఇంజను నిలిచిపోవు అపాయమునకు వంటనూనె డబ్బాతో మారు ఏర్పాటు కనిపెట్టెను. మరియొక యుక్తి ఇంకను వింతైనది. విమానము గుండ్రముగా తిరుగుచుండగా పొడవైన త్రాడు విడిచినయెడల, దాని కొనకు కట్టిన బకెట్టు నడుమను ఇంచుమించు కదలక నిలుచును. దిగుటకు చోటులేని తావున క్రిందివారు చేతితో వస్తువు తీసికొని, తమది అందులో పెట్టవచ్చును.

ఆ యడవిలో వావోరానీ అను జనము కలరు. ఇరుగుపొరుగువారు వారిని ఔకాలని, అనగా అడవి మూర్ఖులని పిలిచెడివారు. పరులను చంపుదురు, తమలో తాము చంపుకొందురని పేరు. వారికి సువార్త చెప్పవలెనని నేట్ గారును, జిమ్ ఎలియట్, ఎడ్ మకల్లీ, పీట్ ఫ్లెమింగ్, రోజర్ యూడేరియన్ గార్లును తలంచిరి. 1955 అక్టోబరు మొదలుకొని వారమువారము ఆ త్రాటితో కానుకలు దింపిరి. వావోరానీలును బదులు పంపిరి. ఒకసారి బుట్టలో చిలుక వచ్చెను. దారిలో తినుటకు దానితో అరటిపండు కూడ పెట్టిరి. ఆ చిలుక నేట్ గారి పెద్ద కుమారుడైన స్టీవునకు పెంపుడు పిట్ట ఆయెను.

ఈ సంగతి వారు దాచియుంచిరి. రేడియోలో కూడ మారుపేర్లతో మాటలాడుకొనిరి. ఇది మంచిదా యని నేటికిని కొందరు అడుగుదురు. మరికొందరి ఆలోచన కూడ తీసికొనియుంటే బాగుండునేమో యని మాకును తోచును. అయితే తుపాకులున్నను ఆ జనులమీద ప్రయోగింపరాదని ఆ ఐదుగురు ముందే నిశ్చయించుకొనిరి. అది తేలికైన నిశ్చయము కాదు.

1956 జనవరి 3న కురరాయ్ నది యిసుకమీద దిగిరి. 6వ తేదీన ముగ్గురు వావోరానీలు వచ్చి స్నేహముగా మాటలాడిరి. 8వ తేదీ ఆదివారము సాయంకాలము నాలుగున్నరకు మరల మాటలాడుదుమని చెప్పిరి. ఆ గంటకు మార్జరీ గారు రేడియో యొద్ద కూర్చుండెను. శబ్దము రాలేదు. రాత్రియు రాలేదు. మరునాడు మరియొక మిషనెరీ విమానము పైనుండి చూడగా, నేట్ గారి విమానపు గుడ్డ అంతయు చింపబడియుండెను. ఐదుగురును ఈటెలచే చంపబడిరి. నేట్ గారికి 32 ఏండ్లు.

ఆ యింటిలోనే ఐదుగురు భార్యలు కూడి వార్తకొరకు కనిపెట్టిరి. వారికి చిన్నబిడ్డలు ఎనిమిదిమంది, కడుపులో ఒక బిడ్డ. స్టీవునకు అప్పటికి ఐదేండ్లు నిండలేదు.

ఆ జనులలో ఒకడు తన తప్పు కప్పుకొనుటకు ఈ తెల్లవారిమీద అబద్ధము చెప్పినందుననే ఈటెలు లేచెనని చాల యేండ్ల తరువాత వావోరానీలే తెలిపిరి. 1958లో నేట్ గారి అక్క రేచెల్ గారును, మూడేండ్ల కుమార్తెను చంకనెత్తుకొని జిమ్ గారి భార్య ఎలిజబెత్ గారును ఆ జనులయొద్దకే పోయి కాపురముండిరి. దయూమా అను వావోరానీ స్త్రీ దారి తెరచెను. మార్జరీ గారు ఈక్వెడారు విడిచిపోలేదు. కీటోలో మిషనెరీల అతిథిగృహము నడుపుచు పిల్లలను పెంచెను. ఆమె 2004లో మరణించెను.

పిల్లలు సెలవులకు మేనత్తయొద్దకు, ఆ యడవికే పోయెడివారు. 1965లో నేట్ గారి కుమార్తెయు స్టీవును కురరాయ్ నదిలో, తండ్రి సమాధికి సమీపముననే బాప్తిస్మము పొందిరి. వారిని నీటిలో ముంచి లేవనెత్తిన కీమో, ద్యూవీ అనువారు ఆ ఆదివారము ఆ యిసుకమీద ఈటెలు పట్టినవారే.