మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

వర్షాకాలమందు కళింగపట్నమున వంశధార సాగరమును చేరుచోట నిలిచి చూచువారికి ఆ నది యొక మహాప్రవాహముగా కనబడును. వేసవియందు అదే నది యిసుకతిన్నెల నడుమ సన్నని పాయగా మారును. అక్కరలేనినాడు వెల్లువగా వచ్చి, అక్కర కలిగిననాడు చిక్కకపోవుట ప్రకృతిశక్తుల స్వభావము. ఎండయు గాలియు నిట్టివే. ఈ చిక్కును లెక్కలతోను రాతికట్టడముతోను విడదీసిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన చరిత్రను మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుప నెంచితిమి.

విశ్వేశ్వరయ్యగారు 1861 వ సంవత్సరము సెప్టెంబరు 15 వ తేదీన మైసూరు రాజ్యమందలి ముద్దెనహళ్లి గ్రామమున జన్మించిరి. వారి పూర్వుల నివాసము గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము, గృహభాష తెలుగు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. బాల్యముననే తండ్రి గతింపగా, ఆయన బెంగుళూరులో పిల్లలకు చదువు చెప్పి, ఆ సొమ్ముతో తాము చదువుకొని, 1881 లో బి.ఏ. పరీక్షయందు కృతార్థులైరి. పిమ్మట పూనాలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1884 లో బొంబాయి ప్రభుత్వపు కొలువున ప్రవేశించిరి. నీటిమట్టము పెరిగినప్పుడు తమంతట తామే తెఱచుకొను తలుపులను ఖడక్‌వాస్లా జలాశయమునకు అమర్చిరి. 1908 లో మూసీ వరద హైదరాబాదు నగరమును ముంచివేయగా, నిజాం ప్రభుత్వము కోరికపై అచటి కేగి, వరదను అరికట్టు జలాశయములకు పథకము రచించిరి. 1909 లో మైసూరు రాజ్యమునకు చీఫ్ ఇంజనీరైరి.

అప్పటికి కావేరీనదిపై శివసముద్ర జలపాతమువద్ద విద్యుత్కేంద్రము 1902 నుండి పనిచేయుచుండెను. అచట పుట్టిన విద్యుత్తు 92 మైళ్ల పొడవున తీగెలమీదుగా కోలారు బంగారుగనులకు పోవుచుండెను. కాని వేసవిలో నది సన్నగిల్లినప్పుడు శక్తియు సన్నగిల్లెడిది. ఇచట మా విద్యార్థులు ఒక యంశమును గమనింపవలెను. యంత్రములకు పెట్టిన సొమ్ముపై వడ్డీ పన్నెండు నెలలును నడచును. యంత్రము తిరుగని దినమున ఆదాయము మాత్రము రాదు. కొనువాడును ఎల్లవేళల నిలుకడగా దొరకు శక్తికే మంచి వెల నిచ్చును. కావున క్రొత్త యంత్రములను కొనుటకన్న, ఉన్న యంత్రములకు ఏడాది పొడవున నీరు సమకూర్చుటయే లాభకరము.

ఈ న్యాయము ననుసరించి, కేంద్రమునకు ఎగువనున్న కన్నంబాడివద్ద గొప్ప జలాశయమును నిర్మింపవలెనని ఆయన సూచించిరి. వ్యయము రెండుకోట్ల రూపాయలకు మించునని తెలిసి ఆర్థికశాఖవారు జంకిరి. గనులకు అమ్ము విద్యుత్తువలన వచ్చు ఆదాయమును, పొలములకు పాఱు నీటివలన వచ్చు ఆదాయమును విడివిడిగా లెక్కించి, కట్టడమును ఘట్టములుగా సాగించినయెడల మొదటి ఘట్టమే ఆర్జింప నారంభించునని ఆయన నిరూపించిరి. మహారాజా కృష్ణరాజ ఒడయరుగారు సమ్మతింపగా, 1911 లో పని ఆరంభమాయెను. 1915 నాటికే నిలిచిన నీటితో గనులకు అదనపు శక్తి యందెను. కృష్ణరాజసాగరము 1930ల ఆరంభమున సంపూర్ణమై, మండ్య ప్రాంతమును సస్యశ్యామలము చేసెను.

అయితే లెక్కలపుస్తకమున కెక్కని వ్యయమును కలదు. కన్నంబాడి గ్రామము నీట మునిగెను. దిగువనున్న మద్రాసు ప్రభుత్వము తమ రైతుల నీటికై ఆక్షేపింపగా, 1924 లో ఒడంబడిక జరిగెను. అయినను ఆ తగవు తరువాతి తరములకును సంక్రమించెను. హిరమండలము జలాశయమునకై యిండ్లు విడిచిన మన జిల్లా కుటుంబములను ఎఱిగినవారికి, ఒకరి పొలమునకు పాఱు నీటి వెనుక వేఱొకరి ఊరు ఉండునని చెప్పనక్కరలేదు. ఆ వెలనుగూడ లెక్కలో వ్రాయుట న్యాయమని మా అభిప్రాయము.

విశ్వేశ్వరయ్యగారు 1912 మొదలు 1918 వఱకు మైసూరు దివానుగా పనిచేసిరి. 1955 లో భారతరత్న బిరుదము నందిరి. నూఱేండ్లు నిండిన పిమ్మట 1962 ఏప్రిలులో స్వర్గస్థులైరి.

వారు నేర్పిన పాఠము నేటికిని పాతబడలేదు. 1955 లో ఆరంభమైన మాచ్‌ఖండ్ కేంద్రమునకును, ఎగువనున్న జలాపుట్ జలాశయమే ఆధారము. నేడు ఎండనుండి విద్యుత్తు తీయుట చవుకయైనది. కాని మధ్యాహ్నపు విద్యుత్తు దాచనిదే రాత్రి దీపమునకు రాదు. కొన్ని గంటల కొఱతను బ్యాటరీలు తీర్చును. నాగార్జునసాగరమందలి 7 యంత్రములు విద్యుత్తును పుట్టించుటయే గాక, వెనుకకు తిరిగి దిగువనీటిని ఎగువకు తోడగలవు. ఇట్లు తోడి మరల దింపుటలో ఇంచుమించు నాలుగవ వంతు శక్తి తఱుగు పోవును. కావున చవుకవేళకును ప్రియమైనవేళకును నడుమ గల వెలల భేదము, ఆ తఱుగునకును కట్టడపు వడ్డీకిని చాలినప్పుడే లాభము.

నూర్పులనాడు గాదె నింపని యింట వానకాలమున అప్పు తప్పదని మన రైతులెఱుగుదురు. విద్యుత్తునకును అదే న్యాయము. విద్యార్థులారా, మీలో ఇంజనీర్లగువారు గాదె నెట్లు కట్టవలెనో నేర్చుకొనుడు. దానికి ఎంత సొమ్ము పట్టునో, ఎవరి నేల పోవునో ముందుగా లెక్కించుడు.