చండీగఢ్‌కు ప్లాన్ గీసిన ఆర్కిటెక్ట్.. సముద్రం ఒడ్డున కట్టుకున్నది మాత్రం 12 అడుగుల గది!

చండీగఢ్ నగరానికి ప్లాన్ గీసిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే. 1887లో స్విట్జర్లాండ్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడ్డారు. పారిస్‌లో తాను డిజైన్ చేసిన అపార్ట్‌మెంట్ పై అంతస్తులోనే కాపురం.

సెలవుల కోసం మాత్రం 1952లో ఫ్రాన్స్ సముద్ర తీరాన ఓ చెక్క గది కట్టుకున్నారు. అది భార్య ఇవాన్‌కు పుట్టినరోజు కానుక. పొడవు, వెడల్పు సుమారు 12 అడుగులే. అంటే గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్ కన్నా చిన్నది! మంచం, బల్ల, వాష్ బేసిన్, టాయిలెట్ అన్నీ అందులోనే. వంటగది లేదు. భోజనం పక్కనున్న హోటల్‌లో.

1957లో భార్య పోయారు. అయినా ఆయన అక్కడికి రావడం మానలేదు. 1965 ఆగస్టు 27న అక్కడి సముద్రంలోనే ఈతకు దిగి కన్నుమూశారు.

2016లో యునెస్కో చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్స్‌తో పాటు ఈ చిన్న గదికీ ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది.