కత్తివీరుడు కాంతారావు

తెలంగాణమునకు దక్షిణమున నల్లగొండ, పాలమూరు సీమలు మెట్టభూములు. వానలు కురిసిన యేడు పంట, కురువని యేడు వలస. ఇదియే అచ్చటి పల్లెల బ్రతుకుగా చిరకాలము సాగెను. అయినను ఆ పల్లెలు కథలకు మాత్రము పేదవి కావు. పంటలు ఇంటికి వచ్చిన పిమ్మట ఊరినడుమ కాగడాలు వెలిగించి చిందు భాగవతులు ఆటలాడుచుండిరి. తోలుబొమ్మలవారు తెల్లని వస్త్రము వెనుక దీపము నుంచి రామాయణమును, భారతమును నడిపించుచుండిరి. కథకులు బాలనాగమ్మ కథను రాత్రులంతయు పాడుచుండిరి. తల్లి కొంగు పట్టుకొని కూర్చున్న బాలురు నిద్రను మరచి, మాయల ఫకీరు పేరు విని వణకి, బాలవర్ధిరాజు సాహసమును విని ఉప్పొంగుచుండిరి.

ఇట్టి కథలు తమంతట తాము బ్రతుకవు. ఒక తరము నోటినుండి మఱియొక తరము చెవికి వాటిని మోసికొనిపోవువారు కావలయును. కాలము మారి కాగడాలు ఆరిపోయినప్పుడు, ఆ కథలు వెండితెర నెక్కి క్రొత్త ప్రేక్షకులను వెదకికొనెను. వాటిని ఆ తెరపై మోసిన వీరులలో ఒకడు నల్లగొండ సీమ బిడ్డయే. అతడే తాడేపల్లి లక్ష్మీకాంతారావు. ప్రజలు ప్రేమతో ఆయనను కత్తి కాంతారావు అని పిలుచుకొనిరి.

కాంతారావు 1923వ సంవత్సరము నవంబరు 16వ తేదీన కోదాడ సమీపమందలి గుడిబండ గ్రామమున జన్మించెను. ఆనాడు ఆ గ్రామము నల్లగొండ జిల్లాలోనిది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట అది సూర్యాపేట జిల్లాలో చేరినది. ఆయన బాల్యమున ఆ ప్రాంతమంతయు నిజాము ప్రభువుల యేలుబడిలో నుండెను. సర్కారు బడులలో ఉర్దూ బోధనాభాషగా నుండుటచే, పల్లెజనులకు తెలుగు కావ్యకథలు పుస్తకములనుండి కంటె ఆటపాటల నుండియే ఎక్కువగా అందుచుండెను. ఇంటిలో తెలుగు, బడిలో ఉర్దూ, ఊరినడుమ భాగవతము: ఈ మూడింటి నడుమ ఆ కాలపు బాలురు పెరిగిరి. వారిలో కాంతారావు మనస్సు నాటకములవైపు మొగ్గెను.

ఆ దినములలో నాటకమనిన సురభివారి నాటకమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు కీచకవధ నాటకముతో ఆరంభించిన ఆ సమాజము, కుటుంబములు కుటుంబములుగా ఊరూర తిరుగుచు ప్రదర్శనలిచ్చుచుండెను. వారి రంగస్థలముపై నారదుడు మేఘములలో నుండి దిగును. చూచుచుండగనే అడవి రాజభవనమగును. స్తంభము బ్రద్దలై నరసింహుడు వెలువడును. త్రాళ్ళు, కప్పీలు, చిత్రించిన తెరలు, దీపముల నేర్పు, వీటితోనే వారు ఈ వింతలు సాధించిరి. కాంతారావు సురభి నాటకములలో వేషములు ధరించి నటనకు ఓనమాలు దిద్దుకొనెను.

అప్పటికే తెలుగు కథ నాటకశాల దాటి చలనచిత్రములోనికి అడుగిడియుండెను. 1932లో విడుదలయైన మొదటి తెలుగు మాటల చిత్రము భక్త ప్రహ్లాద సురభివారు ఆడుచుండిన నాటకమునుండియే పుట్టినది. దాని దర్శకుడు హెచ్. ఎమ్. రెడ్డి. చిత్రసీమలో స్థానము కోరి మద్రాసు చేరిన కాంతారావునకు ఆ రెడ్డిగారే ఆశ్రయమిచ్చుట విశేషము. 1951లో నిర్దోషి చిత్రమున ఆయనకు చిన్న వేషము లభించెను. 1953లో రెడ్డిగారు నిర్మించిన ప్రతిజ్ఞ చిత్రమున ఆయన కథానాయకుడయ్యెను. తరువాతి కాలమున ప్రతినాయకుడుగా పేరు మోసిన రాజనాల చిత్రరంగ ప్రవేశము చేసినదియు ఆ చిత్రముతోనే. అటుపిమ్మట అనేక చిత్రములలో కాంతారావు కత్తికి ఎదురు నిలిచినది రాజనాల కత్తియే.

1955లో ఎన్. టి. రామారావు తమ సొంత సంస్థ తరఫున తీసిన జయసింహ చిత్రమున కాంతారావు రాకుమారుని పాత్ర ధరించి, రాజవేషమునకు తాను తగినవాడని నిరూపించుకొనెను. అయినను ఆయనకు స్థిరమైన పేరు తెచ్చినవాడు కన్నడ దేశమునుండి వచ్చిన దర్శకుడు బి. విఠలాచార్య. వారిరువురి కలయికలో 1959లో జయవిజయ, 1960లో కనకదుర్గ పూజామహిమ, 1963లో గురువును మించిన శిష్యుడు, 1964లో నవగ్రహ పూజామహిమ, 1965లో జ్వాలాద్వీప రహస్యము వెలువడెను.

విఠలాచార్య మితవ్యయమునకు పేరెన్నికగన్నవాడు. సురభివారు త్రాళ్ళతో చేసిన వింతలను ఆయన కెమేరాతో చేయించెను. మాంత్రికుడు మాయమగు దృశ్యమున నటులందరు కదలక నిలువగా, కెమేరాను ఆపి, మాంత్రికుని తప్పించి, మరల నడిపింతురు. తెరపై అతడు కన్నుమూసి తెరచునంతలో అదృశ్యుడగును. ఒకే ఫిల్ముపై రెండు మారులు చిత్రించినచో గోడమీదుగా దయ్యము నడచినట్లు కనబడును. కటకములో సగము మూసి ఒకమారు, తక్కిన సగము మూసి మఱియొకమారు తీసినచో ఒకే నటుడు ఇద్దరై ఎదురెదురుగ నిలుచును. గణనయంత్రములు బొమ్మలు గీయని ఆ కాలమున ఈ పనికి ఓపికయు, లెక్కయు ముఖ్యములు. నటుడు కూడ లేని రాక్షసుని ఉన్నట్లే భావించి కత్తి దూయవలయును. ఆ భావన చెడినచో యంత్రము చేసిన మాయ యంతయు వ్యర్థమగును. కాంతారావు చూపు, నిలుకడ, కత్తిసాములో చురుకుదనము ఆ మాయకు ప్రాణము పోసెను.

ఈ చిత్రములు పట్టణములలో ఆడిన పిమ్మట డేరా సినిమాలలో పల్లెలు చేరెను. మట్టినేలపై కూర్చుండి పల్లె బాలురు, తమ అవ్వలు చెప్పిన మాంత్రికుని, ఏడు సముద్రముల అవతలి చిలుకను, రాకుమారుని తెరపై చూచిరి. మరునాడు పశువుల వెంట పోవుచు కందికట్టెలే కత్తులుగా యుద్ధములాడిరి. ఇవి పిల్లలాటలని, ఇంద్రజాలమని పెద్దలు కొందరు ఈ చిత్రములను చులకన చేసిరి. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. ఒకే వేషము, ఒకే కోట, ఒకే గుహ పలుమార్లు కనబడుచుండెను. అయినను ఆ కథలలో ఆడినమాట తప్పినవాడు గెలువలేదు. తల్లిదండ్రులను చెఱ విడిపింపక కొడుకు నిద్రపోలేదు. చదువు రాని జనులకు అవియే నీతిగ్రంథములు.

కాంతారావు కీర్తి కత్తితోనే ముగియలేదు. 1934లో చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వమున లవకుశ చిత్రము వెలువడి జనులను ఎంతయో ఆకర్షించెను. దాదాపు పాతికేండ్ల పిమ్మట అదే కథను అదే దర్శకుడు క్రొత్త తరము కొఱకు రంగులలో తీయ పూనుకొనెను. ధనము చాలక చిత్రము నడుమ నిలిచిపోయెను. పుల్లయ్య ఆరోగ్యము చెడగా ఆయన కుమారుడు సి. ఎస్. రావు దానిని పూర్తిచేసెను. 1963లో విడుదలయైన ఆ లవకుశ తెలుగున తొలి పూర్తి రంగుల చిత్రము. రామారావు రాముడు, అంజలీదేవి సీత, కాంతారావు లక్ష్మణుడు.

ఆ చిత్రమున లక్ష్మణుని పని కడు కఠినమైనది. అన్న ఆజ్ఞను మీరరాదు. నిర్దోషియైన వదినను అడవిలో విడువను మనసొప్పదు. ఆమె మునుల ఆశ్రమములు చూడబోవుచున్నానని సంతోషించుచుండగా, రథముపై నున్న లక్ష్మణునకు మాత్రమే నిజము తెలియును. ఖడ్గము దూసిన వీరుడుగా జనులెరిగిన నటుడు ఇచ్చట ఆయుధము లేక, చేయునది లేక, కన్నీటితో తల వంచి నిలిచెను. బండ్లు కట్టుకొని దూరగ్రామములనుండి వచ్చిన స్త్రీలు సీతకొఱకు ఎంత దుఃఖించిరో, ఆమెను విడిచి మరలిన లక్ష్మణుని కొఱకును అంత దుఃఖించిరి.

అదే సంవత్సరము నర్తనశాలలో ఆయన శ్రీకృష్ణుడు. శ్రీకృష్ణార్జున యుద్ధములో నారదుడు. 1965లో పాండవ వనవాసములో మరల శ్రీకృష్ణుడు. 1966లో శ్రీకృష్ణ తులాభారములో మరల నారదుడు. కథానాయకుడుగా వెలుగొందుచున్న దినములలోనే ఇతరులు నాయకులుగా నున్న చిత్రములలో ఉపపాత్రలు ధరించుటకు ఆయన వెనుదీయలేదు. పాత్ర చిన్నదైనను కథ పెద్దదని ఆయన యెఱుగును. సుమారు నాలుగు వందల చిత్రములలో ఆయన నటించెను.

కాని కాలము ఎవరికొఱకును ఆగదు. సాంఘిక చిత్రములు ప్రబలినకొలది కోటలు, కత్తులు, మాంత్రికులు తెరనుండి తొలగజొచ్చిరి. కాంతారావు స్వయముగా చిత్రములు నిర్మింప సాహసించెను. 1969లో సప్తస్వరాలు, 1974లో గుండెలు తీసిన మొనగాడు, 1989లో స్వాతిచినుకులు మొదలైనవి ఆయన నిర్మించినవే. వీటివలన ఆయనకు లాభముకంటె నష్టమే అధికముగ కలిగెను. నటుడుగా ఆర్జించినది నిర్మాతగా కోల్పోయెను, ఆస్తి కరగిపోయెను. తెరపై ఎన్ని రాజ్యములు గెలిచినను బ్రతుకులో అప్పులతో పోరాడవలసి వచ్చెను. తెరమీది యుద్ధమున రచయిత గెలుపు వ్రాసియుంచును. ఇంటి యుద్ధమున అట్టి రచయిత లేడు.

ఇక్కట్లు వచ్చినను ఆయన నటనను విడువలేదు. 1975లో బాపు దర్శకత్వమున ముత్యాలముగ్గు వెలువడెను. బాపు వ్యంగ్యచిత్రములు గీయుటలో ప్రఖ్యాతుడు. ఆయన మిత్రుడు ముళ్ళపూడి వెంకటరమణ ఆ కథను కూర్చెను. నింద మోపబడిన ఇల్లాలు, తల్లిదండ్రులను కలుపు కవలపిల్లలు గల ఆ కథ ఉత్తరరామాయణమునకు నేటి రూపము. అందు కాంతారావు కథానాయకుని తండ్రిగా నటించెను. లవకుశలో కిరీటము ధరించి ఏ కథను మోసెనో, పండ్రెండేండ్ల పిమ్మట కిరీటము లేక మామూలు దుస్తులలో మరల ఆ కథనే మోసెను. వేషము మారినది, కథయు మారలేదు, దానిని మోయువాడును మారలేదు.

కడపటి యేండ్లు ఆయన హైదరాబాదులో గడపెను. ప్రభుత్వము ఆయన సేవను గుర్తించి రఘుపతి వెంకయ్య పురస్కారము నొసంగెను. కాన్సరు వ్యాధితో బాధపడి 2009వ సంవత్సరము మార్చి 22వ తేదీన, ఎనుబదియైదేండ్ల వయస్సున, ఆయన కన్నుమూసెను.

పాత కథను క్రొత్త తెరపైకి తెచ్చు ఈ పని ఆయనతో ఆగిపోలేదు. ఒక్క తెలుగువారికే పరిమితము కాలేదు. అమెరికాలో 1960లో బుల్లితెరపై బొమ్మల ధారావాహికగా మొదలైన ఫ్లింట్‌స్టోన్స్, 1994లో మనుష్యులు నటించిన చలనచిత్రమయ్యెను. తండ్రులు బాల్యమున చూచినదానిని బిడ్డలు క్రొత్త రూపమున చూచిరి. మన హైదరాబాదులోనే రూపొంది 2008లో బుల్లితెర నెక్కిన ఛోటా భీమ్ అను బొమ్మల కథ 2024లో బాలనటులతో చలనచిత్రముగా వెలువడెను. లడ్డు తిని బలము పొందు ఆ బాలుని పేరులో మహాభారతపు భీమసేనుడే దాగియున్నాడు. తోలుబొమ్మ గీతబొమ్మయైనది, కాగడా విద్యుద్దీపమైనది.

అయితే పాత కథకు క్రొత్త రంగులద్దినంత మాత్రమున అది బ్రతుకదు. రంగులు లేని నాడును కాంతారావు చిత్రములను జనులు ఆదరించిరి. దానికి కారణము స్పష్టము. లేని రాక్షసుని ఎదుట నిలిచినను ఆయన భయమును, ధైర్యమును నిజముగనే అనుభవించి చూపెను. పిల్లల కథ గదాయని తేలికగ తీసికొనలేదు. చూచువాడు పిల్లవాడైనను వానిని మోసగింపరాదని నమ్మినవాడే ఆ పనికి అర్హుడు.

గుడిబండ బాలుడు భాగవతుల కాగడా వెలుగున కనిన కలను తెరపై పండించెను. ధనము నిలుపుకొనలేకపోయెను గాని, తనకు అప్పగింపబడిన కథలను చెడనీయక మఱియొక తరమునకు అందజేసెను. ఆయన నటించిన చిత్రములు నేటికిని ఇండ్లలో బుల్లితెరలపై కనబడుచున్నవి. తాతయు మనుమడును ప్రక్కప్రక్కన కూర్చుండి ఆ రాకుమారుడు కత్తి దూయునప్పుడు ఒకేమారు ముందునకు వంగుదురు. ఒక నటునకు అంతకు మించిన స్మారకచిహ్నము వేరొకటి యుండదు.