దుప్పటి కప్పుకొని లెక్కలు చేసిన సోఫీ జెర్మేన్

లెక్కల శాస్త్రవేత్తలు అంటే అందరం మగవాళ్ల పేర్లే చెప్తాం. అందుకే ఈసారి నేను ఒక ఆడమనిషి గురించి రాస్తున్నాను.

సోఫీ జెర్మేన్ 1776 ఏప్రిల్ 1న ఫ్రాన్సు దేశంలో పారిస్ నగరంలో పుట్టింది. నాన్న వ్యాపారి. 1789లో అక్కడ విప్లవం వచ్చింది. వీధుల్లో గొడవలని పదమూడేళ్ల సోఫీని బయటికి పోనివ్వలేదు. నాన్న పుస్తకాల్లో ఆర్కిమెడిస్ కథ చదివింది. లెక్కలో మునిగిపోయి సైనికుడి చేతిలో చచ్చిపోయాడంట. మనిషిని అంతగా పట్టేసేది లెక్కల్లో ఏముందని ఆమెకు ఆశ్చర్యమేసింది.

ఆడపిల్లకు లెక్కలు వద్దని అమ్మానాన్నలు రాత్రిపూట కొవ్వొత్తులు, చలిమంట, వెచ్చటి బట్టలు తీసేసేవాళ్లు. ఆమె దుప్పట్లు కప్పుకొని, దాచిన కొవ్వొత్తి వెలిగించి చదివేది. చలికి బుడ్డిలో సిరా గడ్డ కట్టేదంట. చివరికి వాళ్లే ఒప్పుకున్నారు.

మా ఇంట్లో బడికొచ్చిన మొదటి పిల్లను నేనే. సెలవులకు పోతే చదివింది చాలు, చేనుకు రమ్మంటారు చుట్టాలు. సోఫీ ఇంట్లో పుస్తకాలన్నా ఉన్నాయి. మా ఇంట్లో నా సంచిలో ఉన్నవే పుస్తకాలు.

1794లో పారిస్‌లో ఎకోల్ పాలిటెక్నిక్ అనే పెద్ద కాలేజీ పెట్టారు. ఆడవాళ్లకు సీటు లేదు. సోఫీ అక్కడి నోట్సు తెప్పించుకొని, లెబ్లాంక్ అనే మగ పేరుతో జవాబులు రాసి పంపింది. లగ్రాంజ్ అనే గొప్ప పండితుడు అవి చూసి మెచ్చుకున్నాడు. ఆడపిల్ల అని తెలిసినంక కూడా సాయం చేశాడు. జర్మనీలో ఉండే గౌస్‌కు కూడా 1804 నుంచి అదే పేరుతో ఉత్తరాలు రాసింది. 1807లో నిజం తెలిసి ఆయన ఇంకా ఎక్కువ గౌరవించాడు.

ఇప్పుడు ఆమె పేరున్న సంఖ్యలు చూద్దాం. ఒక ప్రధాన సంఖ్యను రెట్టింపు చేసి 1 కలిపితే మళ్లీ ప్రధాన సంఖ్యే రావాలి. 11 తీసుకోండి. 22కు 1 కలిపితే 23. ఇదీ ప్రధాన సంఖ్యే. కాబట్టి 11 జెర్మేన్ సంఖ్య. 2, 3, 5, 23, 29, 41 కూడా అంతే. 7తో ముగిసేది ఒక్కటీ కాదు. ఎందుకంటే 7ను రెట్టింపు చేసి 1 కలిపితే చివర 5 వస్తుంది, దాన్ని 5 భాగిస్తుంది. ఫెర్మా అనే ఆయన వదిలిపోయిన పెద్ద చిక్కులెక్కలో కొంత భాగాన్ని ఆమె ఈ సంఖ్యలతోనే విప్పింది. 2016లో దొరికిన ఒక జెర్మేన్ సంఖ్యకు 3,88,342 అంకెలున్నాయి! మన గోడ మొత్తం రాసినా పట్టదు.

రేకులు మోగేటప్పుడు ఎలా కంపిస్తాయో లెక్క కట్టి 1816లో పారిస్ అకాడమీ బహుమతి గెలిచింది. 1831 జూన్ 27న రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. 1889లో కట్టిన ఈఫిల్ టవర్ మీద 72 మంది పేర్లు చెక్కారు. అందులో ఒక్క ఆడమనిషి పేరూ లేదు. కానీ ఆమె సంఖ్యలకు ఆమె పేరే ఉంది, దాన్ని ఎవరూ తీసెయ్యలేరు.

100 దాటినంక మొదటి జెర్మేన్ సంఖ్య ఏది? కనుక్కొని ఈ కాగితం కింద పెన్సిల్‌తో రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని