పుస్తకములు కుట్టుచు విద్య నార్జించిన మైకేల్ ఫారడే

పూర్వము మన పల్నాటి పల్లెలకు కళాయివాడు వచ్చి, ఇత్తడి గిన్నెలకు నిప్పుసెగపై తగరము పూసెడివాడు. పులుసు చిలుమెక్కకుండుటకే ఆ పూత. నేడు ఆహారము నిలువచేయు ఉక్కు డబ్బాలకును తగరమే రక్ష. అయితే దానిని పూయునది నిప్పు గాదు, విద్యుత్తు. ఎంత విద్యుత్తునకు ఎంత లోహమను లెక్కను తేల్చిన మహనీయుడు మైకేల్ ఫారడే.

ఈయన 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను చెంత నొక బీద కమ్మరి యింట జన్మించెను. చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు తప్ప బడిచదువు అబ్బలేదు. పసితనముననే రీబో అను పుస్తక వర్తకుని కొట్టులో చిల్లర పనులకు కుదిరి, పిదప ఏడేండ్లు పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చెను. చేతికి వచ్చిన పుస్తకమును కుట్టుటతో తనియక చదువసాగెను. విజ్ఞానసర్వస్వమునందలి విద్యుత్ ప్రకరణమును, జేన్ మార్సెట్ అను విదుషి రసాయనశాస్త్రముపై వ్రాసిన గ్రంథమును ఆతనికి గురువులైనవి.

1812లో కొట్టునకు వచ్చెడి యొక పెద్దమనిషి దయవలన హంఫ్రీ డేవీ పండితుని ఉపన్యాసములు వినుట తటస్థించెను. విన్నదంతయు శ్రద్ధతో వ్రాసి, తానే అట్ట కట్టి, ఆ పండితునకే పంపెను. 1813 మార్చి నెలలో రాయల్ ఇన్‌స్టిట్యూషనున సహాయకుడుగా నియమితుడయ్యెను. నేర్చిన చేతిపనియే ఆతనికి సిఫారసు.

కమ్మరి బిడ్డ గనుక ఉక్కుపై మమకారము పోలేదు. 1819లో వుట్జ్ అని పేరొందిన భారతదేశపు ఉక్కును పరీక్షించెను. ఆ పేరు మన ఉక్కు శబ్దమునుండి పుట్టినదని పండితుల తలంపు. నిజామాబాదు సీమలోని కోనసముద్రము అట్టి ఉక్కునకు ప్రసిద్ధి. పారశీక వర్తకులు అచ్చటికి వచ్చి కొనిపోయెడివారు.

ఇటలీ దేశీయుడు బ్రున్యాతెల్లి 1805లోనే విద్యుత్తుతో బంగారుపూత వేసెను గాని, దానికి కొలత దొరకలేదు. ఫారడే 1833, 1834 సంవత్సరములలో ఆ కొలతను నిర్ణయించెను. తగరపు లవణము కరిగిన ద్రవములో ఉక్కురేకును ఋణధ్రువముగను, తగరమును ధనధ్రువముగను ఉంచి విద్యుత్తు పంపినచో తగరము రేకుపై చేరును. విద్యుత్తు రెండింతలైన లోహమును రెండింతలగును. ఒక ఆంపియరు ప్రవాహము ఒక గంట సాగినచో వెండి సుమారు 4 గ్రాములును, ఆమ్లద్రవమునందలి తగరము 2.2 గ్రాములును చేరవలెను. విద్యుత్తు పద్దున వ్రాసినది లోహపు పద్దున తేలును. ఇంతకంటె చక్కని జమాఖర్చు లేదు.

డబ్బాల రేకులను చిరకాలము కరిగిన తగరములో ముంచెడివారు, పూత మందమగుచుండెను. 1942లో మలయా జపానువారి వశమై తగరము కరువగుటతో, పలుచని పూత నిచ్చు విద్యుత్ పద్ధతి అమెరికాలో త్వరితముగ వ్యాపించెను. తెలుగువారు పెక్కురు స్థిరపడిన జంషెడ్‌పురమున, గోల్మురియందు 1920లో స్థాపితమైన కర్మాగారమును కాలక్రమమున ఈ పద్ధతినే చేపట్టినది.

ఫారడే అంతటి దూరము చూడలేదు. 1831లో ఆయన కనుగొన్న అయస్కాంత విద్యుత్ సూత్రమే విద్యుదుత్పత్తి యంత్రములకు మూలమైనను, దానివలన ధనము గడింప నెంచలేదు. సర్ బిరుదమును, రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని వలదనెను. క్రిమియా యుద్ధమున విషవాయువు తయారుచేయుటకు సమ్మతింపడయ్యెను. క్రిస్మసు దినములలో బాలురకు శాస్త్రము బోధించుట మాత్రము ఆయన కెంతయు ప్రీతి. 1867 ఆగస్టు 25వ తేదీన పరమపదించెను.

రీబో కొట్టులోని పుస్తకములు కొనువారి కొరకు ఉంచినవి. కుట్టు బాలుని కొరకు గాదు. అయినను వాని నతడు చదివెను. మన గ్రంథాలయపు బీరువాలలోనివి ఇరువదియైదేండ్లుగ ఎల్లరకొరకును తెరచియున్నవి. ఏ కమ్మరి బిడ్డ, ఏ కూలివాని బిడ్డ ఏ పుట తెరచునో ఎవరెరుగుదురు? చదువరులారా, బీరువా తలుపు మూయకుండ చూచుట మన వంతు.